కల్పసంఖ్యా గణితము

స్నానము, సంధ్య, పూజ, వ్రతము, దానము, ఏ కర్మ తలపెట్టినను ముందుగా సంకల్పము చెప్పుకొనుట మన ఆచారము. కర్త తానెవ్వరో, ఎచ్చట నిలిచి యున్నాడో, ఏ కాలమున ఆ కర్మ చేయుచున్నాడో కొలది మాటలలో భగవంతునకు నివేదించుకొనును. దేశము చెప్పునపుడు జంబూద్వీపము మొదలుకొని తాను కూర్చున్న తావు వరకు దిగివచ్చును. కాలము చెప్పునపుడు బ్రహ్మదేవుని ఆయువునందలి ద్వితీయ పరార్ధము, అందు శ్వేతవరాహ కల్పము, అందు వైవస్వత మన్వంతరము, అందు కలియుగము, దాని ప్రథమ పాదము, ఆపైని సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము అను క్రమమున దిగివచ్చును.

ఈ వరుసలో కల్పమనగా ఎన్ని సంవత్సరములని ఇంటిలోని బాలుడు ప్రశ్నించినచో పెద్దలు నాలుగు వందల ముప్పది రెండు కోట్లని చెప్పుదురు. అంకెలలో అది 4,32,00,00,000. అంతటి సంఖ్యను ఎవరు లెక్కించిరి, కేవలము గొప్పగా కనబడుటకు వేసిన సంఖ్యయా యని ఆ బాలుడే మరల ప్రశ్నించినచో పెక్కు ఇండ్లలో సమాధానము దొరకదు. ఒకచోట గద్దింపు, ఒకచోట మౌనము దొరకును. సమాధానము దొరకని ప్రశ్న కొంతకాలమునకు అశ్రద్ధగా మారును. కావున ఈ సంఖ్య ఎట్లు కూర్పబడినదో, దాని గుణములేవో ఒకమారు నెమ్మదిగా పరిశీలించుట ఆస్తికులకు అవసరము. ఇందుకు కావలసిన గణితము కూడికలు, గుణకారములు, భాగహారములు మాత్రమే.

సంఖ్య కూర్పు

మానవుల ఒక సంవత్సరము దేవతలకు ఒక దినమని స్మృతి పురాణములు చెప్పుచున్నవి. అట్టి 360 దినములు ఒక దివ్య సంవత్సరము. మనుస్మృతి, విష్ణుపురాణము, శ్రీమద్భాగవతము తృతీయస్కంధము మొదలగునవి చతుర్యుగమునకు 12,000 దివ్య సంవత్సరముల ప్రమాణము చెప్పినవి. కలియుగమునకు వేయి దివ్య సంవత్సరములు, ముందు నూరు సంధ్య, వెనుక నూరు సంధ్యాంశము, వెరసి 1,200. ద్వాపరమునకు ఇందుకు రెట్టింపు 2,400. త్రేతాయుగమునకు మూడింతలు 3,600. కృతయుగమునకు నాలుగింతలు 4,800. ఈ నాలుగును కూడిన 12,000 అగును. ఒకటి, రెండు, మూడు, నాలుగు కూడిన పది యగుటచే కలియుగము సరిగా మహాయుగములో పదియవ వంతు.

ఈ దివ్య సంవత్సరములను 360 చే హెచ్చించినచో మానవ సంవత్సరములు వచ్చును. కలియుగము 4,32,000. ద్వాపరము 8,64,000. త్రేత 12,96,000. కృతము 17,28,000. మహాయుగము 43,20,000. ఇట్టి మహాయుగములు వేయి గడచిన బ్రహ్మకు ఒక పగలని భగవద్గీత అష్టమాధ్యాయము చెప్పుచున్నది. ఆ పగలే కల్పము. 43,20,000 ను వేయిచే హెచ్చింపగా 432 కోట్లు లభించును.

భాజకములు

ఒక సంఖ్య స్వభావము తెలియవలెనన్న దానిని ఇక విడదీయ వీలులేని ప్రధాన సంఖ్యలుగా విడదీయవలెను. 432 అనునది 16 ను 27 చే హెచ్చించిన లబ్ధము. 16 లో నాలుగు రెండ్లు, 27 లో మూడు మూడులు కలవు. 432 తరువాతనున్న కోటిలో ఏడు పదులు గుణకములై యున్నవి. ప్రతి పదిలోను ఒక రెండు, ఒక అయిదు గలవు. కావున కల్పసంఖ్యలో మొత్తము పదునొకండు రెండ్లు, మూడు మూడులు, ఏడు అయిదులు తప్ప మరి యే ప్రధాన సంఖ్యయు లేదు. ఇంత పెద్ద సంఖ్య అతి చిన్నవగు మూడు ప్రధాన సంఖ్యల చేతనే నిర్మింపబడి యుండుట దీని మొదటి విశేషము.

దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు ఎన్ని? భాజకమునందు రెండ్లు ఒకటియు లేకుండుట మొదలు పదునొకండు వరకు పండ్రెండు విధములుగా ఉండవచ్చును. మూడులు నాలుగు విధములు. అయిదులు ఎనిమిది విధములు. పండ్రెండును నాలుగుచే, ఆ వచ్చినదానిని ఎనిమిదిచే హెచ్చింపగా 384 వచ్చును. అనగా కల్పసంఖ్యకు 384 భాజకములు కలవు. ఇట్లే గణించిన మహాయుగసంఖ్యకు 180, కలియుగసంఖ్యకు 128 భాజకములు తేలును. పంచుకొనుటకు వీలగు సంఖ్యలలో ఇది యెంతో అనుకూలమైనది. సగము, మూడవ వంతు, నాలుగవ వంతు, అయిదవ వంతు, ఆరవ వంతు, ఎనిమిదవ, తొమ్మిదవ, పదియవ వంతులు, అన్నియు పూర్ణసంఖ్యలే.

కాలగణనకు కావలసిన సంఖ్యలన్నియు ఈ భాజకములలో చేరియున్నవి. మాసములు 12, పక్షమునకు తిథులు 15, మాసమునకు తిథులు 30, దినమునకు ఘటికలు 60, చక్రమునకు భాగలు 360. భాగకు 60 కలల చొప్పున చక్రమునకు 21,600 కలలు. ఒక నాక్షత్ర దినమునకు ప్రాణములును 21,600. ఎట్లనగా ఆరు ప్రాణములు ఒక విఘటిక, అరువది విఘటికలు ఒక ఘటిక, అరువది ఘటికలు ఒక దినము. ఒక్క ప్రాణకాలమున నక్షత్రచక్రము ఒక కల తిరుగునను చక్కని పొందిక ఇందువలన ఏర్పడినది. ఈ 21,600 ను 20 చే హెచ్చించిన కలియుగము, 200 చే హెచ్చించిన మహాయుగము, రెండు లక్షలచే హెచ్చించిన కల్పము వచ్చును. త్రేతాయుగ సంవత్సరములగు 12,96,000 సరిగా చక్రమునందలి వికలల సంఖ్య. కృతయుగ సంఖ్య 17,28,000 అనునది 120 యొక్క ఘనము.

432 వేల సంఖ్యకు వైదిక వాఙ్మయమునందును స్థానము కలదు. శతపథ బ్రాహ్మణమునందు ఋక్కుల పరిమాణము 12,000 బృహతీ ఛందస్సులుగా చెప్పబడినది. బృహతికి 36 అక్షరములు. హెచ్చింపగా 4,32,000 అక్షరములగును. వానినే 40 అక్షరముల పంక్తి ఛందస్సుగా లెక్కించిన 10,800 పంక్తులు వచ్చును. దినమునకు ముప్పది ముహూర్తముల చొప్పున 360 దినముల సంవత్సరమునకు ముహూర్తములును 10,800 అగుట ఆ గ్రంథమునకు ఇష్టమైన సామ్యము. అచ్చట యుగప్రసక్తి లేదు. అయినను ఈ సంఖ్య యెడల మన పూర్వులకు గల పరిచయము ఎంత ప్రాచీనమో దీనివలన తెలియుచున్నది.

ఏడు లేని లోటు

ఇన్ని భాజకములు గల ఈ సంఖ్యలో ఏడు మాత్రము లేదు. 432 ను ఏడుచే భాగింపగా 61 వచ్చి అయిదు శేషించును. ఏడు లేనందున పదునాలుగును లేదు. కాని కల్పమునకు మనువులు పదునలువురు! వేయి మహాయుగములను పదునలువురు మనువులకు పంచినచో ఒక్కొక్కరికి 71 వచ్చి ఆరు మహాయుగములు మిగులును. ఈ మిగిలిన ఆరింటి గతి యేమి?

మన్వంతరమునకును మన్వంతరమునకును నడుమ కృతయుగ పరిమితమైన సంధి కలదని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. పదునాలుగు మన్వంతరముల చివరలందు పదునాలుగు సంధులు, కల్పాదియందు ఒకటి, వెరసి పదునైదు. ఆరు మహాయుగములను పదునైదు సంధులకు పంచిన ఒక్కొక్క సంధికి పదింట నాలుగు వంతుల మహాయుగము వచ్చును. అది సరిగా కృతయుగ పరిమాణము! అనగా 71 ని 14 చే హెచ్చింపగా 994. పదునైదు కృతయుగములు ఆరు మహాయుగములు. రెండును కూడిన వేయి. శేషించిన దానిని త్రోసివేయక, క్రొత్త సంఖ్యను తెచ్చి అతుకక, ఉన్న యుగప్రమాణముతోనే ఆ లోటు పూరింపబడినది.

ఆర్యభటుడు ఇందుకు భిన్నమైన మార్గమున నడచెను. ఆయన ఒక్కొక్క మనువునకు 72 మహాయుగములని గ్రహించెను. 72 ను 14 చే హెచ్చించిన 1008. కావున ఆయన కల్పమునకు వేయిన్నెనిమిది మహాయుగములు, సంధులతో పనిలేదు. యుగపాదములును నాలుగును సమానములే, ఒక్కొక్కటి 10,80,000 సంవత్సరములు. ఇది స్మృతివిరుద్ధమని క్రీ. శ. 628 లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. ఆర్యభటుని మహాయుగమును 43,20,000 సంవత్సరములే యగుట గమనింపదగినది. విభాగమునందు భేదము వచ్చినను మూలసంఖ్యను ఇరువురును విడువలేదు. అది విడువరానిది ఎందులకైనదో ఇక చూడవలెను.

ఇంత పెద్ద సంఖ్య యెందులకు?

సూర్యుడు రాశిచక్రమును ఒకమారు చుట్టివచ్చు కాలము సంవత్సరము. అది సరిగా ఇన్ని దినములని పూర్ణసంఖ్యలో చెప్ప వీలులేదు. 365 దినములపైని పావుదినమునకు కొంచెము మించును. చంద్రుని గతియు నంతే. కుజ, బుధ, గురు, శుక్ర, శనుల గతులును నంతే. భిన్నములతో దీర్ఘకాలపు లెక్కలు వేసిన దోషము పేరుకొనును. దీనికి మన సిద్ధాంతకర్తలు కనుగొనిన ఉపాయము, ఏ కాలములో అన్ని గ్రహములును పూర్ణసంఖ్యగా ప్రదక్షిణములు చేయునో అంతటి దీర్ఘకాలమును ప్రమాణముగా గ్రహించుట. ఆ ప్రమాణమే యుగము. ఆ ప్రదక్షిణములకే భగణములని పేరు.

సూర్యసిద్ధాంతము ననుసరించి ఒక మహాయుగమునందు సూర్యుని భగణములు 43,20,000. చంద్రునివి 5,77,53,336. గురునివి 3,64,220. శనివి 1,46,568. ఆ కాలమునందలి సావనదినములు, అనగా సూర్యోదయములు, 1,57,79,17,828. ఈ దినములను 43,20,000 చే భాగించినచో సంవత్సరమునకు 365 దినములు, 15 ఘటికలు, 31 విఘటికలకు కొంచెము పైగా వచ్చును. గంటలలో చెప్పినచో 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకనులు. నేటి ఖగోళవేత్తలు నిర్ణయించిన నాక్షత్ర సంవత్సరము 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకనులు. భేదము మూడున్నర నిమిషములకు లోపే.

పూర్ణసంఖ్యల ప్రయోజనము అధికమాస విషయమున స్పష్టమగును. చంద్రుని భగణములనుండి సూర్యుని భగణములను తీసివేసిన 5,34,33,336 మిగులును. ఇవి చాంద్రమాసములు. సౌరమాసములు 43,20,000 ను 12 చే హెచ్చింపగా 5,18,40,000. రెంటికి గల భేదము 15,93,336. ఇవియే మహాయుగమునందలి అధికమాసములు. సౌరమాసములను ఈ సంఖ్యచే భాగించిన సుమారు ముప్పదిరెండున్నర మాసములకు ఒక అధికమాసము పడునని తేలును. ఇంచుమించు మూడేండ్లకొకమారు గృహస్థులు పాటించు అధికమాసమునకు మూలము ఈ చిన్న తీసివేతయే. అట్లే చాంద్రమాసములను ముప్పదిచే హెచ్చించిన తిథులు 1,60,30,00,080. వానినుండి సావనదినములను తీసివేసిన 2,50,82,252 క్షయతిథులు తేలును. ఏకాదశి ఒకనాడు నిలిచి మరియొకనాడు జారుట యాదృచ్ఛికము కాదు, లెక్కలోనిదే.

పెద్ద సంఖ్యను అవసరమును బట్టి చిన్నది చేసికొనుటకును మార్గము కలదు. దానికి అపవర్తనమని పేరు. ఆర్యభటుని మతమున మహాయుగ సావనదినములు 1,57,79,17,500. వీనిని, 43,20,000 ను కూడ 7,500 నిశ్శేషముగా భాగించును. లబ్ధములు వరుసగా 2,10,389 మరియు 576. అనగా ఆయన లెక్కలో 576 సంవత్సరములకు సరిగా 2,10,389 దినములు. ఏడంకెల సంఖ్య మూడంకెలకు దిగినది. ఇందు లేశమైనను మార్పు లేదు, స్థూలత లేదు. యుగసంఖ్యలో రెండ్లు, మూడులు, అయిదులు సమృద్ధిగా నుండుటచేతనే ఈ సంక్షేపము సాధ్యమైనది. కుట్టక గణితమున ఇట్టి అపవర్తితాంకములే వాడుక.

మహాయుగమే చాలునుగదా, దానిని వేయిచే హెచ్చించిన కల్పమెందుకని శంక కలుగవచ్చును. గ్రహముల మందోచ్చములు మిక్కిలి మెల్లగా కదలును. సూర్యుని మందోచ్చమునకు కల్పమునందు 387 భగణములని సూర్యసిద్ధాంతము. అనగా ఒక్క భగణమునకు కోటి పదునొకండు లక్షల సంవత్సరములకు పైగా పట్టును. ఒక మహాయుగములో దానికి సగము చుట్టును పూర్తి కాదు. అట్టి మందగతిని గూడ పూర్ణసంఖ్యలో చెప్పవలెనన్న వేయి మహాయుగముల వ్యవధి కావలసినది. కావున కల్పము గొప్పకై పెంచిన సంఖ్య కాదు. వేగముగా తిరుగు చంద్రునకును, కదలినట్లే తోచని మందోచ్చమునకును ఒకే కొలత సరిపోవుటకై కల్పింపబడిన సంఖ్య.

నేడు మన మెచ్చట నున్నాము?

ఇప్పుడు సంకల్పమునందలి మాటలను లెక్కగా మార్చవచ్చును. గడచిన మన్వంతరములు ఆరు. ఆరింటికి 71 చొప్పున 426 మహాయుగములు. సంధులు ఏడు, ఇవి రెండు మహాయుగములును పదింట ఎనిమిది వంతులును. వైవస్వత మన్వంతరములో గడచిన మహాయుగములు ఇరువది యేడు. ఇరువది యెనిమిదవ దానిలో కృత, త్రేతా, ద్వాపరములు మూడును గడచినవి గనుక పదింట తొమ్మిది వంతులు. అన్నియు కూడిన 456 మహాయుగములును పదింట ఏడు వంతులును. దీనిని 43,20,000 చే హెచ్చింపగా కలియుగారంభమునకు కల్పాది గతాబ్దములు 1,97,29,44,000 అగును. 43,20,000 పదిచే నిశ్శేషముగా భాగింపబడుట వలననే ఇచ్చట భిన్నము మిగులలేదు.

కలియుగమున గడచిన సంవత్సరములకు సులభమార్గము శాలివాహన శకమునకు 3179 కలుపుట. 2025 ఉగాదితో వచ్చిన విశ్వావసు సంవత్సరము శకము 1947. కలుపగా 5126. కావున ఆ ఉగాదికి కల్పాది గతాబ్దములు 1,97,29,49,126. కొన్ని పంచాంగములలో సృష్ట్యాది గతాబ్దములు 1,95,58,85,126 అని కనబడును. అది అచ్చుతప్పు కాదు. కల్పారంభమున బ్రహ్మకు సృష్టి చేయుటకు 47,400 దివ్య సంవత్సరములు, అనగా 1,70,64,000 సంవత్సరములు పట్టినవని సూర్యసిద్ధాంతము. వానిని తీసివేసిన రెండవ సంఖ్య వచ్చును. మొదటిది కల్పమునుండి, రెండవది సృష్టి ముగిసినప్పటినుండి.

ఒక హెచ్చరికయు అవసరము. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని నేటి శాస్త్రజ్ఞులు శిలలను, ఉల్కలను పరీక్షించి నిర్ణయించిరి. ఇది 432 కోట్లకు చేరువగానున్నదని కొందరు ఉత్సాహముతో చెప్పుకొనుట కలదు. అది సరియైన వాదము కాదు. 432 కోట్లు కల్పము మొత్తము నిడివి. అందు గడచినది 197 కోట్లు మాత్రమే. రెండును వేరువేరు పద్ధతులతో వేరువేరు విషయములను చెప్పు సంఖ్యలు. శాస్త్రమునకు అక్కరలేని సాక్ష్యమును తెచ్చిపెట్టినచో, ఆ సాక్ష్యము వీగిననాడు శాస్త్రమే వీగినదని బాలురు తలపోయుదురు. కల్పసంఖ్యకు తన లెక్కయే తనకు సాక్ష్యము.

ముగింపు

ఒక కల్పము పగలు, అంతియే కాలము రాత్రి. అట్టి 360 అహోరాత్రములు బ్రహ్మకు సంవత్సరము. అట్టి నూరు సంవత్సరములు ఆయన ఆయువు. ఆ మొత్తము 31,10,40,00,00,00,000 మానవ సంవత్సరములు. అందు సగము, అనగా మొదటి పరార్ధము, గడచినది. ఇంతవరకు గణితము వచ్చును. దీనికి మీద ఏమున్నదని శ్రీమద్భాగవతము తృతీయస్కంధమున మైత్రేయ మహర్షి విదురునకు చెప్పెను. పరమాణువుతో కాలమును కొలుచుట ప్రారంభించి బ్రహ్మాయువు వరకు వచ్చి, ఆ రెండు పరార్ధములును అనంతుడగు భగవంతునకు ఒక్క నిమేషమని ఉపచారముగా మాత్రము చెప్పబడునని ఆయన తెలిపెను. ఉపచారమనుటలో స్వారస్యము కలదు. ఆ నిమేషమును గూడ నిజముగా ఆయనకు కొలతగా చెప్ప వీలులేదు. కాలము ఆయనకు లోబడినదే కాని ఆయన కాలమునకు లోబడినవాడు కాడు.

384 విధములుగా పంచుటకు వీలగు కల్పమునందు కర్తకు లభించినది ఒక తిథి, ఒక వారము, ఒక నక్షత్రము. సంకల్పము 432 కోట్లతో ఆరంభమై ఆ ఒక్క ఉదయముతో ముగియుట అందులకే. ఇకమీదట పీటపై కూర్చున్న బాలుడు కల్పమనగా నెంతయని అడిగినపుడు గద్దింపనక్కరలేదు. ఒక కాగితము, ఒక కలము అందించి, పండ్రెండువేలను 360 చే హెచ్చింపుమని చెప్పిన చాలును. లెక్క ముగియునప్పటికి వాడు సంకల్పములోని సగము మాటల అర్థము తెలిసికొనియుండును. తక్కిన సగమునకు అర్థము శ్రద్ధతో చేతులు జోడించినపుడు తెలియును.